కత్తెర కనబడిన రోజులు

మా రోజుల్లో సినిమా కోస్తే హాలంతటికీ తెలిసేది. మా ఊరి టూరింగ్ టాకీసు ఆపరేటరుకి రెండో ఆట తొందరగా ముగించుకుని ఇంటికి పోవాలనిపిస్తే ఓ పాటో, రెండు పద్యాలో మింగేసేవాడు. నేల టిక్కెట్టు జనంలో సగంమంది ఆ సినిమా అంతకుముందే చూసి ఉండేవాళ్ళు. ఏ మాట తరవాత పద్యం ఎత్తుకోవాలో వాళ్ళకి నోటికి వచ్చు. తెరమీద బొమ్మ ఒక్క గెంతు గెంతిందంటే చాలు, "రీలు కోశాడ్రోయ్!" అని ఎవడో ఒకడు లేచేవాడు. ఇక ఈలలు, కేకలు, బెంచీల మీద దరువులు. మేనేజరు వచ్చి సర్దిచెప్పేదాకా ఊరుకునేవాళ్ళు కాదు. ఆ రోజుల్లో అన్యాయం జరగలేదని నేననను. జరిగితే తెలిసేది, చేసినవాడెవడో తెలిసేది, నిలదీయడానికి ఒక మనిషి దొరికేవాడు.

ఇప్పుడు ఎవర్ని నిలదీయాలి?

2020 ఏప్రిల్‌లో డిస్నీ ప్లస్ వాళ్ళు 'స్ప్లాష్' సినిమా పెట్టారు. 1984 నాటిది. రాన్ హోవర్డ్ తీశాడు, టామ్ హాంక్స్, డారిల్ హానా వేశారు. సముద్రంలోంచి ఒడ్డుకొచ్చిన మత్స్యకన్య, ఆమెను ప్రేమించిన కుర్రవాడు, అదీ కథ. నేను ఉద్యోగం మీద అమెరికా వచ్చిన కొత్తలో టేపు అద్దెకు తెచ్చుకుని ఇంటిల్లిపాదీ చూశాం. అందులో ఆమె ఆ కుర్రవాణ్ణి ముద్దుపెట్టుకుని సముద్రంలోకి పరిగెత్తేటప్పుడు ఒంటిమీద బట్టల్లేకుండా వెనకనుంచి కాసేపు కనిపిస్తుంది. ముప్ఫై ఆరేళ్ళ తరవాత, ఆ కాసేపటికి కంప్యూటర్‌తో పొడుగాటి జుట్టు అతికించి కప్పేశారు. ఎక్కడ ఏం అతికించారో ప్రేక్షకులకి చెప్పలేదు. పాత బొమ్మ గుర్తున్న ప్రేక్షకులు పట్టుకుని బయటపెడితే లోకానికి తెలిసింది.

పిల్లల ముందు ఆ దృశ్యం వద్దనుకునే తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టను. మా ఇంట్లోనూ అలాంటి చోటు వస్తే మా ఆవిడ రిమోట్ అందుకుని టేపు ముందుకు జరిపేది. అమ్మ ఏదో దాటించిందని పిల్లలకి తెలుసు. ఎందుకు దాటించిందో అడిగితే చెప్పేది, లేకపోతే పెద్దయ్యాక చెబుతాననేది. టేపులో మాత్రం ఆ ముక్క ఉండేది. పెద్దయ్యాక చూడదలిస్తే చూడొచ్చు. ఇంట్లో తల్లి చేసే ఆ పనిని ఎక్కడో కూర్చున్న కంపెనీ తన చేతుల్లోకి తీసుకుని, కోట్లమంది ఇళ్ళల్లో ఒకేసారి చేసి, ఏం చేసిందో చెప్పకపోవడం నాకు మింగుడుపడటం లేదు.

'లీలో అండ్ స్టిచ్' 2002లో వచ్చింది. అందులో చిన్నపిల్ల అక్కకి దొరక్కుండా బట్టలు ఆరబెట్టే మిషన్లో దూరి కూర్చుంటుంది. ఇప్పుడు డిస్నీ ప్లస్‌లో అదే చోట మిషను లేదు. పిజ్జా పెట్టె అడ్డం పెట్టిన అలమర ఉంది. ముందు బ్రిటన్ విడుదల కోసం అలా మార్చి గీశారు, తరవాత అందరికీ అదే వేశారు. పసిపిల్లలు నిజంగానే అలాంటి మిషన్లలో దూరి ప్రాణంమీదికి తెచ్చుకుంటారు కాబట్టి కారణం మంచిదే. మంచి కారణం ఉన్నప్పుడు చెప్పుకోవడానికి అభ్యంతరమేమిటి? "ఈ బొమ్మ ఇందుకని మార్చాం" అని ముందొక వాక్యం వేస్తే తల్లులందరూ దండం పెట్టేవాళ్ళు.

మా రోజుల్లో ఆ వాక్యం ఉండేది. వీడియో టేపు పెట్టగానే, సినిమా మొదలయ్యే ముందు తెరమీద అక్షరాలు వచ్చేవి: ఈ చిత్రాన్ని అసలు రూపంనుంచి మార్చాం, మీ టీవీకి సరిపోయేలా కుదించాం అని. వెడల్పు సినిమాని చదరపు టీవీలో పట్టించడానికి రెండు పక్కలా కొంత బొమ్మ పోయేది, అంతే. ఆ మాత్రానికే చెప్పేవాళ్ళు. మా పిల్లలు అక్షరాలు కూడబలుక్కుని చదివే వయసులో ఆ వాక్యం పైకి చదివేవాళ్ళు.

ఆ వాక్యం ఊరికే రాలేదు. ఎనభైల్లో నలుపు తెలుపు సినిమాలకి కంప్యూటర్‌తో రంగులు పూసే వ్యాపారం మొదలైంది. ఫ్రాంక్ కాప్రా 1946లో తీసిన 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్'కీ పూశారు. అందులో హీరో వేషం వేసిన జేమ్స్ స్టూవర్ట్ ఇది తప్పని బహిరంగంగా చెప్పాడు. దర్శకుడు జాన్ హ్యూస్టన్ సినిమాకి రంగులు పూసి ఫ్రాన్సులో టీవీలో వేయబోతే ఆయన వారసులు కోర్టుకెళ్ళారు. 1991లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం తీసినవాడి హక్కే హక్కని వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. అమెరికా కాంగ్రెస్ 1988లో చట్టం చేసి, ఏటా ఇరవై అయిదు సినిమాలను జాతీయ జాబితాలో చేర్చి కాపాడే పని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి అప్పగించింది. ఆ జాబితాలోని సినిమాని గట్టిగా మారిస్తే, మార్చామని దానిమీద రాసి తీరాలని కూడా అదే చట్టంలో పెట్టింది. తరవాతి సవరణల్లో ఆ నిబంధన జారిపోయింది. అది జారిపోనివ్వకుండా ఉండాల్సింది. ఈనాడు దాని అవసరం అప్పటికన్నా పదింతలుంది.

ఆ 'వండర్‌ఫుల్ లైఫ్' సంగతే చూడండి. 1974లో హక్కులు పునరుద్ధరించుకోవడం కంపెనీ మరిచిపోయింది. దాంతో ఏ టీవీ స్టేషనైనా ఉచితంగా వేసుకునే వీలు కలిగింది. క్రిస్మస్ వచ్చిందంటే అన్ని ఛానెళ్ళలోనూ అదే ఉండేది. విడుదలైనప్పుడు పెద్దగా ఆడని సినిమా అలా ఇంటింటి సినిమా అయింది. మేమూ మంచు కురిసే రాత్రుళ్ళు అలాగే చూశాం. హీరో చావబోతాడు. తను పుట్టకపోయి ఉంటే ఈ ఊరు ఎలా ఉండేదో దేవదూత చూపిస్తాడు. అది చూశాక బతకాలన్న ఆశ పుట్టి మంచులో పరిగెత్తుకుంటూ ఇంటికి వస్తాడు. సినిమాకి ప్రాణం ఆ మధ్య భాగమే. అది తీసేసిన కురచ సినిమా ఒకటి ఈమధ్య ప్రైమ్ వీడియోలో తిరిగింది. ఆ భాగానికి మూలమైన చిన్న కథ మీద హక్కుల చిక్కువల్ల అలా కోశారని అంటారు. కుదించినదని పేరు పక్కన రాశారు, అంతవరకు నయం. కానీ మొదటిసారి చూసే పిల్లవాడు ఆ ఒక్క మాట పట్టించుకుంటాడా? వంతెన మీద ఏడుస్తున్న మనిషి మరు నిమిషంలో నవ్వుతూ పరిగెడుతుంటే, ఇదేం సినిమా అనుకుని లేచిపోతాడు. ఇంకెప్పుడూ దాని జోలికి పోడు.

మనవాళ్ళ సంగతీ చెప్పాలి. 1957లో కె.వి.రెడ్డి తీసిన 'మాయాబజార్'కి 2010 జనవరిలో రంగులద్ది హాళ్ళలో వేశారు. మా తమ్ముడు హైదరాబాద్‌లో చూసి ఫోన్ చేశాడు. "రంగులు బాగానే ఉన్నాయన్నయ్యా, పద్యాలేవీ? కొన్ని పాటలూ ఎగిరిపోయాయి" అన్నాడు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ నలుపు తెలుపుల్లోనే వెన్నెల కురిపించిన సినిమా అది. రంగులు ఎందుకో నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ కాదు. అయినా దానిమీద నాకు కోపం లేదు. రంగులద్దామని గోడల మీద పోస్టర్లేసి చెప్పారు. ఇష్టం లేనివాళ్ళకి నలుపు తెలుపు మాయాబజార్ ఎక్కడికీ పోలేదు. మా ఇంట్లో డిస్కు ఉంది, పద్యాలన్నీ ఉన్నాయి.

స్పీల్‌బర్గ్ కూడా ఇలాంటి పని చేశాడు. 1982 నాటి 'ఇ.టి.'లో సైకిళ్ళమీద పారిపోతున్న పిల్లల్ని వెంటాడే పోలీసుల చేతుల్లో తుపాకులుంటాయి. ఇరవయ్యో ఏడు పండగకి, 2002లో, ఆ తుపాకులు చెరిపి వాకీటాకీలు గీయించాడు. తన సినిమా, తన ఇష్టం అనుకోవచ్చు. కానీ పదేళ్ళు తిరిగేసరికి డిస్కు మళ్ళీ వేసినప్పుడు అసలు సినిమానే ఇచ్చాడు. 2023లో అందరి ముందూ చెప్పాడు, అలా చేసి ఉండకూడదని, ఏ సినిమానీ ఇప్పటి కళ్ళతో దిద్దకూడదని. తీసినవాడే ఆ మాట అన్నాక, తీయనివాళ్ళకి ఇంకేం హక్కుంది?

స్పీల్‌బర్గ్ వెనక్కి తగ్గేలోపు కూడా మా ఇంట్లో ఇ.టి. టేపులో తుపాకులు తుపాకుల్లాగే ఉన్నాయి. నేను చెప్పదలిచినది అదే. ఇంటింటికీ బావి ఉన్న రోజులకీ, ఊరందరికీ ఒకే ట్యాంకు ఉన్న ఈ రోజులకీ ఉన్న తేడా ఇది. అప్పుడు ఎవడు దేన్ని మార్చినా మా అలమరలోని టేపు మారేది కాదు. ఇప్పుడు అసలు కాపీ ఒకే ఒక్కచోట ఉంది. అక్కడ ఒక్క మీట నొక్కితే సియాటిల్‌లోనూ సిడ్నీలోనూ అదే క్షణంలో మారిపోతుంది. నిన్న చూసిందీ ఇవాళ చూసిందీ ఒకటో కాదో పక్కన పెట్టి పోల్చుకోవడానికి మన దగ్గర ఏమీ ఉండదు. మన జ్ఞాపకాన్నే మనం అనుమానించుకోవాల్సి వస్తుంది. నిరుడు నేనొక సినిమాలో ఒక ముక్క పోయిందంటే మా అల్లుడు "మీకు సరిగా గుర్తులేదేమో మామయ్యగారూ" అన్నాడు, మర్యాదగానే. అతనికి చూపించడానికి నా దగ్గర ఏముంది?

డబ్బిచ్చి కొన్నదీ అంతే. 'కొనండి' అన్న మీట నొక్కి, అద్దెకన్నా నాలుగింతలు కట్టి తీసుకున్న సినిమా ఒకటి నా ఖాతాలోంచి ఓ రోజు మాయమైంది. కంపెనీకి రాస్తే హక్కులు మారాయని జవాబొచ్చింది. 2025 జనవరి నుంచి కాలిఫోర్నియాలో ఒక చట్టం అమల్లోకొచ్చింది. అమ్ముతున్నది వస్తువు కాదు, చూసుకోవడానికి అనుమతి మాత్రమేనని కొనేవాడికి స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అన్న మాట వాడకూడదు. చట్టం పెట్టి చెప్పించాల్సి వచ్చింది. కొత్త సినిమాలకీ దిక్కు లేదు. 'క్రేటర్' అని పిల్లల సినిమా 2023 మే నెలలో డిస్నీ ప్లస్‌లో వచ్చింది, హాళ్ళలో వేయలేదు. ఏడు వారాలకే ఖర్చుల లెక్కల్లో భాగంగా తీసేశారు. ఏళ్ళ తరబడి దాని మీద పనిచేసినవాళ్ళు తమ పిల్లలకి చూపించుకోవాలన్నా అప్పుడు చోటు లేకపోయింది.

ఇక 'డంబో' దగ్గరికి వస్తాను. 1941 నాటి కార్టూన్ సినిమా, గంటకి కాస్త ఎక్కువ. పెద్ద చెవుల ఏనుగుపిల్లని అందరూ ఎగతాళి చేస్తారు, తల్లిని బంధిస్తారు. తల్లి కటకటాల్లోంచి తొండం చాపి బిడ్డని ఊపే చోట ఏడవని పిల్లల్ని నేను చూడలేదు. మా అమ్మాయి ఏడ్చింది, ఆమె కొడుకుకీ చూపించాలనుకున్నాను. వాడి పేరుమీదున్న పిల్లల ఖాతాలో ఎంత వెతికినా దొరకలేదు. ఏడేళ్ళలోపు పిల్లల ఖాతాల్లోంచి డంబో, 'పీటర్ పాన్', 'ద అరిస్టోక్యాట్స్', 'స్విస్ ఫ్యామిలీ రాబిన్సన్' తీసేశారని 2021లో తెలిసింది. పెద్దల ఖాతాలో ఉన్నాయి. సరే, తల్లి ఖాతాలో పెట్టి వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను.

వానలో, రాత్రిపూట, సర్కస్ డేరా వేసే దృశ్యం ఉందందులో. మేకులు దిగ్గొట్టేవాళ్ళంతా నల్లవాళ్ళు. గీసినవాళ్ళు వాళ్ళకి ముఖాలు గియ్యలేదు. నేను ఎన్నోసార్లు చూసినా ఆ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. వాడు చూశాడు. "వాళ్ళకి కళ్ళూ ముక్కూ లేవేం తాతయ్యా?" అన్నాడు.

సినిమా ఆపాను. వాళ్ళు ఎవరో, అంత బరువు పనికి వాళ్ళనే ఎందుకు పెట్టేవాళ్ళో, తెల్లవాళ్ళు కూర్చునే బెంచీ మీద వాళ్ళని కూర్చోనివ్వని రోజులు ఈ దేశంలో ఎలా ఉండేవో నాకు చేతనైనట్టు చెప్పాను. వంటింట్లోంచి మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. "మనూళ్ళో మాత్రం, నాన్నా? పాలేళ్ళకి గ్లాసు వేరేగా పెట్టేవాళ్ళని మామ్మ చెప్పింది కదా" అంది. అదీ చెప్పాం. వాడు ఇంకా అడిగాడు. ఆ రోజు సినిమా పూర్తికాలేదు, మర్నాడు చూశాం. ఆ ప్రశ్న ఆ దృశ్యంలోంచి వచ్చింది. ఎవరైనా దయతలచి కంప్యూటర్‌తో ఆ ముఖాలు గీసి ఉంటే వాడికి అడగడానికి ఏమీ ఉండేది కాదు. నేను చెప్పవలసిందీ చెప్పి ఉండేవాణ్ణి కాదు.

అందుకే సినిమా ముందు వేసే హెచ్చరికలకి నేను వ్యతిరేకిని కాను. మా ఈడువాళ్ళు చాలామంది వాటిని చూసి పళ్ళు నూరతారు, నాకు అర్థం కాదు. 2020 అక్టోబరులో డిస్నీ ప్లస్ పెట్టిన హెచ్చరిక సూటిగా ఉండేది. ఇందులో కొన్ని జాతుల్ని కించపరిచే చిత్రణలున్నాయి, అవి అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే, దాచడం బదులు మాట్లాడుకుందామని ఉంచాం అన్నది దాని సారం. పన్నెండు సెకన్లు, దాటించడానికి వీల్లేదు. మా ఇంట్లో పిల్లలు దాన్ని పైకి చదివారు, మునుపు వాళ్ళమ్మ టేపు మీద వాక్యం చదివినట్టే. 2025 ఫిబ్రవరిలో దాన్నీ కుదించి, సినిమా ముందు నుంచి తీసి వివరాల పేజీలో ఓ మూలకి నెట్టారు. గాలి ఎటు వీస్తే అటు. అయిదేళ్ళకింద తప్పన్నది ఇవాళ కాదా? తప్పయితే ముందే చెప్పాలి, ఎవరు కోప్పడినా చెప్పాలి.

కోతలన్నీ ఇప్పుడే మొదలయ్యాయని నేను చెప్పబోవడం లేదు. 1940 నాటి 'ఫాంటేజియా'లో తెల్ల గుర్రపుకన్యల గిట్టలు తుడిచే చిన్న నల్లపిల్ల బొమ్మ ఉండేది. అరవైల చివర్లోనే తీసేశారు, ఆ తరవాత వేసిన సినిమాలో ఆ పిల్ల లేదు. మా పిల్లలు చూసింది కోసిన ఫాంటేజియానే. నాకు అది తెలిసింది చాలా ఏళ్ళకి. ఆ రోజు పడిన బాధ ఇప్పటికీ ఉంది. కించపరిచారు, నిజమే. కించపరిచినట్టు సాక్ష్యం కూడా లేకుండా చేశారు.

అలా దాచేసిన సాక్ష్యాల్లో అన్నిటికన్నా పెద్దది డిస్నీ వాళ్ళ 'సాంగ్ ఆఫ్ ద సౌత్'. 1946 సినిమా. అంకుల్ రీమస్ అనే నల్ల తాత ఒక తెల్ల పిల్లవాడికి కుందేలు, నక్క, ఎలుగుబంటి కథలు చెబుతాడు. ఆ కథలు బానిసలు ఒకరికొకరు చెప్పుకున్నవి. అందులో తారు బొమ్మకి అతుక్కుపోయే కుందేలు కథ ఉంది. మన పంచావుధ జాతకంలో జిగురు వెంట్రుకల రాక్షసుడికి కాళ్ళూ చేతులూ అతుక్కుపోయే రాజకుమారుడి కథకి ఇది చుట్టమని కొందరు పండితులు ఏనాడో వాదించారు. ఎంత దూరం నడిచిన కథో! తీసిన సినిమా మాత్రం తోటల్లో నల్లవాళ్ళ బతుకు హాయిగా గడిచినట్టు చూపించింది. విడుదలైనప్పుడే నల్లవారి హక్కుల సంఘం నాయకుడు వాల్టర్ వైట్, కళ బాగుందని ఒప్పుకుంటూనే, యజమానికీ బానిసకీ మధ్య అంతా సుఖంగా ఉండేదన్న భ్రమ కలిగిస్తోందని అభ్యంతరం చెప్పాడు. ఆయన అన్నది నిజం.

అంకుల్ రీమస్‌గా వేసినవాడు జేమ్స్ బాస్కెట్. నక్కకి గొంతూ ఆయనదే. అట్లాంటాలో మొదటి ఆట వేసిన రోజు వర్ణవివక్ష వల్ల తన సినిమా వేడుకకి తాను వెళ్ళలేకపోయాడు. 1948 మార్చిలో ఆయనకి ప్రత్యేక ఆస్కార్ ఇచ్చారు. ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి నటుడు ఆయనే. అదే ఏడాది జూలైలో పోయాడు. ఆయన నటన చూడాలంటే ఈ దేశంలో దారి లేదు. ఆ సినిమాని 1986లో చివరిసారి హాళ్ళలో వేశారు. అమెరికాలో టేపు రాలేదు, డిస్కు రాలేదు. బ్రిటన్‌లో, జపాన్‌లో అమ్మారు, ఇక్కడ కాదు. 2020లో వాటాదార్ల సమావేశంలో కంపెనీ అప్పటి కార్యనిర్వాహక ఛైర్మన్ బాబ్ ఐగర్, హెచ్చరికతో అయినా సరే ఈ రోజులకి తగదని తేల్చేశాడు. ఆ సినిమా కుందేలూ నక్కా బొమ్మలతో ఇక్కడి డిస్నీ పార్కులో నీళ్ళలోకి జారే సవారీని మాత్రం 1989లో మొదలుపెట్టి 2023 దాకా నడిపారు. మా పిల్లల్ని తీసుకెళ్ళి ఆ వరసలో నిలబడ్డాను. ఈ కుందేలు ఎవరు నాన్నా అని అడిగితే చూపించడానికి సినిమా లేదు. సినిమా సిగ్గుచేటయితే, దాని బొమ్మలతో ముప్ఫై ఏళ్ళకి పైగా టిక్కెట్లు ఎలా అమ్మారు?

దాన్ని పసిపిల్లల ఖాతాలో పెట్టమని నేనడగడం లేదు. పెద్దల ఖాతాలో తాళం వేసి పెట్టండి. ముందు ఒక చరిత్ర తెలిసిన మనిషిని కూర్చోబెట్టి చెప్పించండి. వాల్టర్ వైట్ ఏమన్నాడో, బాస్కెట్ అట్లాంటా ఎందుకు వెళ్ళలేకపోయాడో, ఆ కథలు ఎవరివో చెప్పించండి. ఒక్క అడుగు కూడా కోయకండి. ఇది జరగని పని కాదు. 2020 జూన్‌లో హెచ్‌బీవో మ్యాక్స్ వాళ్ళు 'గాన్ విత్ ద విండ్'ని తీసేశారు. తరవాత జాక్వెలిన్ స్టూవర్ట్ అనే నల్లజాతి చిత్రచరిత్ర ఆచార్యురాలి చేత ముందుమాట చెప్పించి, సినిమాని ఉన్నదున్నట్టుగా మళ్ళీ పెట్టారు. వాళ్ళకి పట్టింది రెండు వారాలు. సాంగ్ ఆఫ్ ద సౌత్ విషయంలో 1986 నుంచీ ఆ రెండు వారాలు ఎవరికీ తీరిక దొరకలేదు.